మొదటి గుప్పెడు

కౌల్ బజార్‌లో జీన్స్ ప్యాంట్లు కుట్టే సందు మొదట్లో, ఎప్పుడో మూతపడిన బియ్యం అంగడి అరుగు పక్కన హనుమక్క తోపుడుబండి ఉంటుంది. పొద్దున ఆరింటికి బొరుగులు నీళ్ళలో పోస్తుంది. అవి మునిగీ మునగకముందే రెండు చేతులా ఎత్తి పిండుతుంది. పిండిన మొదటి గుప్పెడు తాలింపు బాణలిలో పడదు. బండి చక్రం దగ్గరున్న చదును రాతి మీద పడుతుంది. అది కుక్కది. రెండో గుప్పెడు నుంచే ఉగ్గాని మొదలవుతుంది. హనుమక్క వాళ్ళమ్మ తెక్కలకోట బస్టాండులో ఉగ్గాని అమ్మిన రోజుల నుంచీ వస్తున్న పద్ధతి ఇది. ఎందుకలా అని హనుమక్క అడగలేదు, అమ్మ చెప్పలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ చెయ్యి రాయి వైపు చూడకుండానే గుప్పెడు వదులుతుంది. గుప్పెడు ఎన్నడూ పక్కకు పడింది లేదు.

ఆ రాతి దగ్గర తిని పెరిగిన కుక్కల్లో ఎర్రి ఒకటి. ఆరేళ్ళు బతికింది, ఆరేళ్ళలో ఎన్ని ఈతలు ఈనిందో సందులో ఎవరికీ సరిగ్గా తెలియదు, హనుమక్కకు తప్ప. ఎందుకంటే ప్రతి ఈతలోనూ ఆటోల కిందా, గుడ్డ మూటలు మోసే బైకుల కిందా పడిన పిల్లల్ని అట్టముక్క మీదికి ఎత్తింది ఆమే. ఒకసారి ఒకే పొద్దున రెంటిని ఎత్తింది. చేతులు కడుక్కుని వచ్చి మళ్ళీ బొరుగులు పిండింది. ఆ రోజు ఉగ్గానిలో ఉప్పు రెండుసార్లు పడిందని అందరూ అన్నారు.

ఎర్రి చివరి ఈత, పీర్ల పండగలో పీర్లను నీళ్ళకు పంపిన రోజు. తాసా డప్పుల చప్పుడు వినిపిస్తూండగా బండి కింద గోనెసంచి మీద నాలుగు పిల్లల్ని ఈనింది. నెల తిరగకముందే రెండు బండ్ల కింద పోయాయి. మూడోది రక్తపు విరేచనాలతో పోయింది. ఆ తర్వాత పది రోజులకు ఎర్రే, పక్కటెముకలు లెక్కపెట్టేలా అయిపోయి, మూసిన అంగడి వెనక పడుకుని ఇక లేవలేదు. మిగిలింది ఒక్కటి. ఆడది. తెల్లగా, గుండ్రంగా, నీళ్ళలో వేసిన బొరుగులా ఉబ్బి ఉండేది. దాన్ని హనుమక్క ఇంటికి ఎత్తుకుపోయింది. పేరు బొరుగి.

ఎత్తుకుపోయిన రోజే ఆమె మనసులో ఒక మాట అనుకుంది. ఇది ఈనదు. ఆ మాట ఎవరితోనూ అనలేదు. మూడు నెలలు పెంచాక, పశువుల ఆసుపత్రికి పోతానని బయలుదేరినప్పుడు చెప్పక తప్పలేదు.

భర్త కోదండరామి గనుల కాలంలో ఇనుపరాయి లారీ తోలినవాడు. నడుము పట్టేసి ఇప్పుడు ఇంటిపట్టున ఉంటాడు. టీలో బన్ను ముంచి తను సగం తిని, బొరుగికి సగం పెడుతూ విన్నాడు.

"ఏమ్మే, నీకేమన్నా బుద్ధి ఉండాదా? ఆడపుట్టుక అది. ఒక్క ఈతన్నా ఈననీ. ఆ మీద ఏమన్నా చేపించుకో."

బండి దగ్గరా అదే మాట. జీన్స్ గుడ్డ కత్తిరించే లక్ష్మన్న, పొద్దున్నే ఉగ్గాని తిననిదే కత్తెర పట్టనివాడు, మిరపకాయ బజ్జీ కొరుకుతూ అన్నాడు:

"అక్కా, దానికి పెండ్లన్నా చెయ్యకముందే ఆపరేషన్ అంటావేందక్కా! ఉసురు తగులుతాది చూడు."

"తగిలితే నాకు తగలనీలే. నీకేమప్పా, బజ్జీ ఆరిపోతాది, తిను."

"ఒక్క ఈత, ఒక్కటే ఈత. దానికీ ఆశ ఉంటాది గదక్కా."

"ఆ ఒక్క ఈతలో నాలుగు పుడితే నువ్వు పెంచుతావా? నీ కత్తిరి బల్ల కింద పెట్టుకుంటావా? చెప్పు, ఇప్పుడే మాటియ్యి."

లక్ష్మన్న నోటి నిండా బజ్జీ ఉంది.

భీమేష్ ఆటోలో బొరుగిని ఒళ్ళో పెట్టుకుని హనుమక్క మొదటిసారి ఆసుపత్రికి పోయింది. డాక్టరు నేత్రావతి ముప్పై దాటని పిల్ల. మోచేతుల దాకా తొడుగు వేసుకుని బయట ఒక ఎనుముకు సూది వేసి వచ్చింది. బొరుగిని బల్ల మీద నిలబెట్టి, నోరు తెరిచి చూసి నవ్వింది.

"ఈగ బేడమ్మా, ఇప్పుడే వద్దు. చిన్న పిల్ల ఇది. ముందు సూదులన్నీ అయిపోనీ."

"మళ్ల ఎప్పుడు తేవాల మేడం?"

"ఆరు నెలలు నిండాల. మొదటి ఎద రాకూడదు. ఆ రెంటి నడుమ తేవాల."

"ఎద ఎప్పుడొస్తాదో ఎట్ల తెలుస్తాది?"

"అదే కష్టం. కొన్నిటికి ఆరో నెల్లోనే వస్తాది. కొన్నిటికి పది నెలలైనా రాదు. పెద్ద జాతి కుక్కలైతే ఎముక గట్టిపడేదాకా ఆగమని మేమే చెప్తాము. నీది వీధికుక్క. మీ సందులో మగకుక్కలు ఎన్నుండాయి?"

"యాడ లెక్కపెట్టేది మేడం!"

"అయితే ఆగొద్దు. ఒకసారి ఎదకొచ్చిందంటే మళ్ల రెండు మూడు నెలలు నేను కత్తి పట్టను, రక్తం ఎక్కువ పోతాది. ఆ లోపల ఇది కడుపుతోనే వస్తాది నా దగ్గరికి."

హనుమక్క ఆ మాటను నోట్లోనే రెండుసార్లు తిప్పుకుంది. తొందరపడినా కాదు, ఆలస్యమైనా కాదు. "నెలలు నాకు సరిగా లెక్కకు రావు మేడం. ఇంకేమన్నా గుర్తు చెప్పు," అంది.

డాక్టరు బొరుగి పైపెదవిని వేలితో ఎత్తింది. "ఇవి పాలపళ్ళు, సూదుల మాదిరి ఉండాయి చూడు. ముందు చిన్నవి ఊడుతాయి. చివరికి ఈ కోరలు ఊడి, పెద్ద కోరలు వస్తాయి. అవి నిండా దిగినాక నువ్వు ఒక్క రోజు కూడా ఇంట్లో కూర్చోవద్దు."

అప్పటి నుంచి ప్రతి పొద్దునా, బండి కదలకముందు, హనుమక్క బొరుగి నోరు తెరిచి చూసేది. మొదట దానికి ఆట. తర్వాత అలవాటైంది. చెయ్యి దగ్గరికి రాగానే తనే నోరు తెరిచేది. ముందరి పళ్ళు ఎప్పుడు రాలాయో తెలియలేదు, మింగేసి ఉంటుంది. ఒక రోజు గోనెసంచి దులుపుతూంటే సన్నటి పాలకోర ఒకటి రాలిపడింది. హనుమక్క దాన్ని పసుపు డబ్బాలో దాచింది. కోదండరామి చూసి, "బంగారమనుకున్నావా ఏంది?" అన్నాడు. రెండో కోర పక్కనే కొత్తది మొలుస్తూ, కొన్నాళ్ళు రెండూ కలిసి ఉండేవి. ఆ తర్వాత పాతది పోయింది. కొత్త కోరలు కిందికి దిగాయి. భీమేష్ ఫోన్‌లోంచి డాక్టరుకు చెప్పిస్తే, వచ్చే మంగళవారం తెమ్మంది. ముందు రోజు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టొద్దంది. తెల్లారితే అవీ వద్దంది. కడుపు ఖాళీగా ఉండాలి.

సోమవారం హనుమక్క ఒకటే ఆలోచించింది. బొరుగిని ఇంట్లో విడిచిపెడితే కోదండరామి బన్ను పెట్టకుండా ఉండలేడు. చెప్పినా పెడతాడు. కళ్ళలోకి చూస్తే చాలు, ఆయన చెయ్యి అదే లేస్తుంది. అందుకని మంగళవారం తెల్లవారుజామున బొరుగిని తనతోనే బండి దగ్గరికి తీసుకుపోయింది. ఎనిమిదిన్నరకు భీమేష్ అక్కడికే వస్తాడు. అంతవరకు తన కళ్ళ ముందే ఉంటుంది. బండి చక్రానికి తాడు కట్టింది. వచ్చిన ప్రతివాడికీ చెప్పింది: "దానికి ఏం వెయ్యద్దప్పా, ఈ పొద్దు ఆపరేషన్." లక్ష్మన్న బజ్జీ తోక పడేయబోతే మణికట్టు పట్టుకుని ఆపింది.

ఆసుపత్రిలో బల్ల మీద బొరుగి వణుకుతూ నిలబడింది. నేత్రావతి కాగితం మీద రాస్తూ, తల ఎత్తకుండానే అడిగింది.

"ఏమన్నా తినిందా?"

'లేదు మేడం' అనడానికి హనుమక్క నోరు తెరిచింది. అప్పుడు కనబడింది. బొరుగి మీసానికి, ముక్కు పక్కన, ఒక బొరుగు అంటుకుని ఉంది. తడిసి, ఎండి, తెల్లగా.

మొదట ఆమెకు అర్థం కాలేదు. ఎవడు పెట్టాడు? లక్ష్మన్న కాదు. భీమేష్ కాదు. తర్వాత చేతులు గుర్తొచ్చాయి. తన చేతులే. ఆరింటికి బొరుగులు పిండింది, ఎవరికో 'ఏం వెయ్యద్దప్పా' అని గట్టిగా చెబుతూనే మొదటి గుప్పెడు రాతి మీదికి వదిలింది. చూడకుండానే వదిలింది. బొరుగి తిని ఉంటుంది, ఎందుకు తినదు? పుట్టినప్పటి నుంచీ అది తనదే.

వెనక నిలబడిన భీమేష్‌కీ కనబడింది. చెవి దగ్గరికి వంగి, "తుడిచెయ్ అక్కా. గుప్పెడు బొరుగులు, అదీ ఒక తిండేనా? మళ్ల ఎప్పుడిస్తారో ఏమో," అన్నాడు.

తుడవడానికి ఒక వేలు చాలు. డాక్టరు ఇంకా రాస్తోంది. హనుమక్క వేలు బొరుగి ముక్కు దాకా పోయింది కూడా. దాని గుండె రెండో చేతి వేళ్ళకు తగిలేంత గట్టిగా కొట్టుకుంటోంది.

"తినింది మేడం. పొద్దున ఆరింటికి. నా చెయ్యే పెట్టింది," అంది.

నేత్రావతి పెన్ను పక్కన పెట్టింది. కోప్పడుతుందేమోనని హనుమక్క తల వంచుకుంది. ఆమె కోప్పడలేదు. "చెప్పి మంచిపని చేస్తివమ్మా. మత్తులో ఉన్నప్పుడు కక్కుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతాది. నేను చేసేది ఏమీ ఉండదు," అంది. తర్వాత చిన్నగా నిట్టూర్చింది. "కాకపోతే రేపటి నుంచి నేను ఊళ్ళో ఉండను. రూపనగుడి పక్క పల్లెలన్నీ తిరగాల, పశువులకు గాలికుంటు సూదులు. వచ్చే మంగళవారం కాదు, ఆ పై మంగళవారం."

పద్నాలుగు రోజులు.

"ఆ లోపల ఎదకొస్తే?"

"కట్టి పెట్టుకో. నాకు చెప్పు. ఇంక ఏం చెప్పను?"

ఆ పద్నాలుగు రోజుల్లో హనుమక్క మనిషి సగమైంది. కోదండరామి పాత పంచె చింపి బొరుగి పడకలో పరిచింది, ఎరుపు ఏమన్నా కనబడుతుందేమోనని పొద్దునా సాయంత్రం వెలుగులోకి పట్టి చూసింది. బండి దగ్గరికి తీసుకుపోవడం మానేసింది. రాతి మీద గుప్పెడు పడుతూనే ఉంది. దాన్ని కాకులూ, వేరే కుక్కలూ తింటున్నాయి. ఆమె చెయ్యిని ఆమే చూసుకునేది, ఎవరిదో చూసినట్టు.

ఐదో రోజు, చెవి చిరిగిన నల్ల మగకుక్క ఒకటి వాకిట్లో కూర్చుంది. నీళ్ళు చల్లితే లేచి నాలుగడుగులు పోయి మళ్ళీ కూర్చుంది. ఏడో రోజుకు మూడయ్యాయి.

కోదండరామి నవ్వాడు. "పెండ్లికొడుకులు వచ్చి కూర్చున్నారు. నీ అంత మొండిది ఈ సందులో లేదు. విడిచిపెట్టు, ఒక్క ఈత ఈననీ అంటే వినవు. అదేమన్నా నీ కూతురా?"

హనుమక్క వేయించిన శనగపప్పు దంచుతోంది. రోకలి ఆపింది.

"ఒక్కటి, ఒక్కటి అని మీ అమ్మా ఇట్లనే చెప్పె. మతికి ఉండాదా నీకు?"

ఆయన టీ గ్లాసు అందుకున్నాడు.

"ఇద్దరు ఆడపిల్లలు పుట్టినాక ఆపరేషన్ చేపించుకుంటానంటి. ఒళ్ళు తాళదు అంటి. ఇంకొక్కటి, మగపిల్లోడు పుట్టనీ, ఆ మీద చేపించుకో అనె మీ అమ్మ. నువ్వు లారీ కింద నట్టు బిగిస్తా బిగిస్తా ఊ అంటివి. ఏడో నెలలో వాడు పుట్టె. సగం రోజు ఉండె. నేను రెండు నెలలు మంచం దిగలేకపోతి. ఆ మీద పోయి చేపించుకుంటి. మొదట అనుకున్న అదే ఆపరేషన్, అదే ఆసుపత్రి. ఒక్క సంవత్సరం లేటు."

మళ్ళీ రోకలి ఎత్తింది. "నాకు చేతకాక ఆగితి. దీన్ని ఆగనీను."

ముప్పై ఐదేళ్ళలో ఆ ఇంట్లో ఆ సంగతి మాటగా రావడం అదే మొదలు. కోదండరామి టీ గ్లాసు చేతిలో తిప్పుతూ చాలాసేపు కూర్చున్నాడు. బన్ను సగం అలాగే ఉంది. బొరుగి ఆయన మోకాలి మీద గడ్డం పెట్టి చూసింది. ఆయన పెట్టలేదు, తినలేదు.

మర్నాడు హనుమక్క అంగడి కట్టేసి తిరిగి వచ్చేసరికి, ఆయన కుర్చీ ఇంట్లోంచి గడప బయటికి వచ్చింది. లారీ సరుకు కట్టే పాత తాడు మోకాళ్ళ మీద, పక్కన చెంబుతో నీళ్ళు. నల్ల కుక్క ఎదురుగా కూర్చుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటున్నారు.

"పొద్దున్నుంచీ ఈడనే ఉండావా?"

"ఏం చేసేది మళ్ల? వాడు లేస్తే నేను లేద్దామని. వాడు లేస్తాలేడు."

నడుము నొప్పి మనిషి, మిగిలిన రోజులన్నీ అక్కడే కూర్చున్నాడు.

సోమవారం సాయంత్రం హనుమక్క బండి దగ్గర గిన్నెలు కడిగి, బోర్లించి, పొయ్యికి గుడ్డ కప్పింది. లక్ష్మన్నను సుద్దముక్క తెమ్మంది.

"రేపు అంగడి లేదని రాయి."

"ఏందక్కా, పండగా?"

"రాయప్పా, సుమ్నె, ఊరికే."

ముప్పై ఏళ్ళలో పండగకూ, చావుకూ తప్ప ఆ బండి ఆగలేదు. లక్ష్మన్నకు అది తెలుసు. "ఒక్క గుప్పెడు వెయ్యకుండా ఉండలేవా? దానికోసం అంగడే కట్టేస్తావా?" అన్నాడు.

"ఉండలేను. ఆ పొద్దు ఉండలేకపోతి గదా. బొరుగులు నీళ్ళల్లో పడితే ఈ చెయ్యి నా మాట వినదు. అందుకని నీళ్ళే పెట్టను."

లక్ష్మన్న మూసిన అంగడి తలుపు మీద కన్నడంలో పెద్ద అక్షరాలు రాశాడు. కింద తెలుగులో కూడా రాశాడు. అడగకుండానే.

మంగళవారం పొద్దున నేత్రావతి బొరుగి మీసాలు కూడా చూసింది. నవ్వి, సూది వేసింది. హనుమక్క చేతుల్లోనే బొరుగి బరువు మారింది; తల వాలింది, నాలుక పక్కకు జారింది. తలుపు మూశారు. హనుమక్క బయట బల్ల మీద కూర్చుంది. ఇంటి దగ్గర కాపలా పని లేదు గనక కోదండరామి కూడా వచ్చాడు. ఆటోలో కుదుపులకు నడుము పట్టుకుని, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. చేతులకు పని లేక హనుమక్క కొంగు చివర పిండుతూ, విప్పుతూ కూర్చుంది.

గంట దాటాక తలుపు తెరుచుకుంది.

"ఆయ్తు, అయిపోయింది," అంది డాక్టరు, మాస్కు కిందికి లాగుతూ. "ఎద దగ్గరపడి గర్భసంచి అప్పుడే ఉబ్బడం మొదలైంది. ఇంకో వారం అయింటే నేను వెనక్కి పంపించేదాన్ని."

హనుమక్క లేచి నిలబడింది, మళ్ళీ కూర్చుంది. కోదండరామి ఆమె భుజం మీద చెయ్యి వెయ్యబోయి, నలుగురూ చూస్తున్నారని ఆగి, కింద పడిన కొంగు ఎత్తి ఆమె ఒళ్ళో పెట్టాడు.

కుట్లు నాకకుండా మెడకు కట్టాలని ప్లాస్టిక్ గంప లాంటిది ఒకటి ఇచ్చారు. ఇంటికి వచ్చాక బొరుగి దాంతో గోడలకు కొట్టుకుని, సాయంత్రానికల్లా విరగ్గొట్టింది. రాత్రంతా హనుమక్క దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తెల్లారి లక్ష్మన్న వచ్చాడు. టేపు తీసి బొరుగి మెడా, పొట్టా, నడుమూ కొలిచాడు.

"ఏంది లక్ష్మన్నా, పెండ్లి బట్టలా?"

"పెండ్లి లేదంటివి గదా. ఉద్యోగానికి పోతాది లే."

మధ్యాహ్నానికి తెచ్చాడు. కుట్టడం చెడిపోయి పక్కన పడేసిన జీన్స్ ప్యాంటు కాలు ఒకటి. నాలుగు కాళ్ళకు నాలుగు రంధ్రాలు, తోక కిందంతా వెడల్పుగా కత్తిరించి, వీపు మీద కట్టుకోవడానికి నాడాలు. పొట్ట దగ్గర మాత్రం గీసుకోకుండా మెత్తటి జేబుగుడ్డ వేశాడు. బొరుగి దాంట్లో దూరి, రెండడుగులు వేసి, ఒక్కసారి ఒళ్ళు విదిలించి, సర్దుకుంది. వెనక ఒక జేబు కూడా అలాగే ఉండిపోయింది.

మూడో రోజు హనుమక్క బండి మళ్ళీ కదిలింది. జీన్స్ తొడుక్కున్న కుక్క పక్కన నడిచింది. సందంతా మెషిన్లు ఆపి చూసింది. ఆరింటికి బొరుగులు నీళ్ళలో పడ్డాయి. చేతులు ఎత్తి పిండాయి. ఈసారి హనుమక్క రాయి వైపు చూసి వేసింది. బొరుగి తిని, రాయి నాకి, చక్రం కింద పడుకుంది. నల్ల కుక్క వచ్చి జీన్స్ వాసన చూసి, నచ్చక, కాలెత్తి చక్రం మీద పోసి వెళ్ళిపోయింది.

కుట్లు విప్పిన వారానికి, ఎండ ముదురుతున్న వేళ, కోదండరామి నడుము పట్టుకుని బండి దాకా నడిచి వచ్చాడు. ఇంటి నుంచి అంత దూరం నడిచి చాలా రోజులైంది. చంకలో ఒక కుక్కపిల్ల ఉంది, బురద కొట్టుకుని, ఎర్రగా.

"కాలవ పక్కన ఉండె," అన్నాడు. "ఆడదే."

హనుమక్క బాణలి దించలేదు. "తల్లి ఏమాయె?"

"తల్లి కనపడలే."

ఆయన బండి అంచుకు ఆనుకుని, పిల్లను ఎడమచేతి మీదికి మార్చుకుని, కళ్ళు చికిలించి, లారీ ఇంజను చూసినట్టు దాని పైపెదవిని వేలితో ఎత్తాడు.

"పళ్ళు ఇంకా సూదులే ఉండాయి మే," అన్నాడు. "టైముండాది మనకు."